తోకలేని మార్జాలము: మాన్ ద్వీపపు కథ



రాజుల చరిత్రములు, రాజ్యముల చరిత్రములు మనము తఱచు వినుచున్నాము. ఈ పూట నేను చెప్పబూనినది ఒక పిల్లి చరిత్రము. పిల్లికి చరిత్ర మేమిటని కొందఱు నవ్వవచ్చును. ఏనుగులకును గుఱ్ఱములకును శాస్త్రములు వ్రాసిన దేశము మనది. పిల్లిని మాత్రము సామెతలకు విడిచిపెట్టితిమి. అమరకోశమున పిల్లికి ఐదు పేరులు గలవు: ఓతువు, బిడాలము, మార్జారము, వృషదంశకము, ఆఖుభుక్కు. మార్జార మనగా తన్ను తాను తుడుచుకొని శుభ్రపఱచుకొనునది. ఆఖుభుక్కనగా ఎలుకలను తినునది. ఈ ఐదింటిలో తోకనుబట్టి వచ్చిన పేరు ఒక్కటియు లేదు. కావున తోక లేనంతమాత్రమున పిల్లికి పిల్లితనము పోదని మన నిఘంటుకారుడే ఒప్పుకొన్నట్లు.

పశ్చిమదేశముల తోకలేకుండ పుట్టు పిల్లిజాతి యొకటి గలదు. దానిని మాంక్సు పిల్లి యందురు. ఆ జాతిలోనే వెండ్రుకలు పొడుగుగా పెరుగు శాఖకు సిమ్రిక్కు అని పేరు. గుండ్రని తల, పొట్టి వీపు, ముందుకాళ్లకంటె పొడవైన వెనుకకాళ్లు, మెడచుట్టు జూలువంటి వెండ్రుకలు, తొడలమీద చల్లాడము తొడిగినట్లు దట్టమైన బొచ్చు. వెనుకకు తిరిగినచో తోక యుండవలసినచోట ఒక చిన్న గుంట. చూచినవారికి బొచ్చుబంతికి నాలుగుకాళ్లు మొలచినట్లుండును. దాని గుఱించి పుట్టిన కథలు పెక్కు. అన్నిటికంటె విచిత్రమైనది శాస్త్రజ్ఞులు కనిపెట్టిన నిజము. ఆ నిజమునందు ఒక ప్రాణిదుఃఖము ఇమిడియున్నది. దానిని విప్పిచెప్పవలెననియే ఈ విషయమును గైకొంటిని.

ముందు స్థలము సంగతి. బ్రిటను దీవికిని ఐర్లండునకును నడుమ ఐరిషు సముద్రమున మాన్ అను చిన్న ద్వీపము గలదు. పొడవు 33 మైళ్లు, వెడల్పు 13 మైళ్లు, వైశాల్యము 572 చదరపు కిలోమీటర్లు. నడుమ స్నేఫెల్ అను కొండ. దాని ఎత్తు 2,036 అడుగులు. 2021 జనగణనలో అచటి జనులు 84 వేల పైచిలుకు. ద్వీపము చిన్నదైనను అభిమానము పెద్దది. అది బ్రిటిషు కిరీటమునకు లోబడినదే కాని ఆ రాజ్యములో చేరినది కాదు. దాని శాసనసభకు టిన్వాల్డు అని పేరు. ఆ సభకు వేయియేండ్లు నిండినవని 1979లో ద్వీపవాసులు ఉత్సవము చేసికొనిరి. పూర్వము నార్వేనుండి వచ్చిన ఓడవీరులు ఈ ద్వీపము నేలిరి. 1266లో అది స్కాట్లండు రాజునకు చెందెను. పిమ్మట చేతులు మాఱి, 1405లో ఇంగ్లండు రాజు దీనిని స్టాన్లీ వంశమునకు ధారపోసెను. ద్వీపమున సుంకములు తక్కువ. కావున వర్తకులు సారాయియు తేయాకును అచట దింపి రాత్రులందు ఇంగ్లండు తీరమునకు దొంగతనముగా చేర్చుచుండిరి. ఆ బాధ పడలేక ఆంగ్లప్రభుత్వమువారు 1765లో 70,000 పౌనులిచ్చి ద్వీపముపై ప్రభుత్వాధికారమును కొనివేసిరి.

ఈ ఓడల సంగతి పిల్లి కథకు అక్కఱకు వచ్చును. ఓడ యున్నచోట ధాన్యము, ధాన్యమున్నచోట ఎలుక, ఎలుక యున్నచోట పిల్లి. మాన్ ద్వీపమునకు పిల్లులు ఓడలమీదనే వచ్చియుండవలెను. వచ్చినవి కొలది, వాని సంతతియే తమలో తాము కలియుచు పెరిగినది. ఎన్నో ఊళ్లున్న దేశమున ఒక పిల్లికి పుట్టుకలో వచ్చిన వింత సముద్రములో కలిపిన ఉప్పువలె కనబడకుండ పోవును. చిన్నదీవిలోనైనచో అది చెంబునీటిలో కలిపిన ఉప్పువలె నిలుచును. తోకలేనితనము ఈ దీవిలో స్థిరపడుటకు కారణ మిదియే. 19వ శతాబ్ది మొదటి భాగమునకే యాత్రికులు ఈ పిల్లులను చూచి ముచ్చటపడి వ్రాసియున్నారు. మాంక్సు అనునది ఆ ద్వీపపు జనులకును, వారి ప్రాచీనభాషకును, పిల్లికిని ఒకటే పేరు. ఆ భాష ఐరిషు భాషకు చెల్లెలు. దానిని తల్లియొడిలో నేర్చినవారిలో కడపటివాడు 1974లో గతించెను. ఇప్పుడు బడిపిల్లలకు దానిని మరల నేర్పుచున్నారు. భాష సన్నగిల్లిన కాలమునను పిల్లి మాత్రము ద్వీపము పేరు నిలిపినది.

ఆ ద్వీపపు చిహ్నము వింతైనది: తొడలకడ కూడిన మూడు కాళ్లు. ఎట్లు విసరినను నిలుచునని దాని క్రింది లాటిను మాటల భావము. ఈ మాట పిల్లికి కూడ చెల్లును. ఎత్తునుండి పడిన పిల్లి గాలిలోనే మెలితిరిగి కాళ్లమీద వాలునని మనకు తెలియును. ఆ విద్యకు తోకయే ఆధారమని చాలమంది తలంచిరి. తోకలేని పిల్లియు అట్లే వాలుచున్నది. వెన్ను రెండు భాగములుగా తిరుగుటయే అందలి కిటుకు.

ఇక కథలు. కారణము తెలియనిచోట కథ పుట్టును. ఇది అన్నిదేశములకు సమానమైన ధర్మము. క్రైస్తవుల గ్రంథమున ప్రళయకాలమున నోవా అను భక్తుడు ఓడకట్టి ప్రాణులను జంటలు జంటలుగా ఎక్కించెనని యున్నదిగదా. పిల్లి ఎలుకను వేటాడుచు ఆలస్యముగా వచ్చినదట. తలుపు మూయువేళకు గెంతిలోనికి దూకగా తోక తలుపులో పడి తెగినదట. మఱొక కథలో 1588లో ఇంగ్లండుమీదికి దండెత్తివచ్చిన స్పెయిను నౌకాదళములోని ఓడయొకటి ఈ ద్వీపపు దక్షిణపుకొనకడ పగిలెననియు, దానిలోని తోకలేని పిల్లులు ఈదుకొని ఒడ్డుచేరెననియు అందురు. ఆ కొనకు స్పానిషు హెడ్డు అను పేరుండుటచేత కథకు బలము వచ్చినది. కాని ఆ దండులోని ఓడ అచట మునిగిన దనుటకు ఆధారము కానరాదు. పేరునుబట్టి చరిత్రము కట్టుట మనయొద్దను తక్కువ కాదు. ప్రతి కొండగుహయు పాండవుల వనవాసస్థలము, ప్రతి బండమీది గుంటయు భీముని పాదము అగుటలేదా!

ఇంకొక కథ కొంత జాలి పుట్టించును. దండెత్తివచ్చిన యోధులు తమ శిరస్త్రాణములకు అలంకారముగా పిల్లితోకలను కోసికొనుచుండగా, తల్లిపిల్లులు తమ కూనలను కాపాడుకొనుటకు పుట్టినవెంటనే తోకలను కొఱికివేసెననియు, నానాటికి తోకలేని కూనలే పుట్టసాగెననియు చెప్పుదురు. వినుటకు యుక్తిగా నున్నది. తలిదండ్రుల శరీరమునకు తగిలిన దెబ్బ బిడ్డలకు సంక్రమించునా అను ప్రశ్న యిందు గలదు. 19వ శతాబ్దిలో పండితులే దీనిని గుఱించి తగవులాడిరి. 1887లో జర్మనీలోని వీస్‌బాడెను నగరమున జరిగిన శాస్త్రసభలో ఒకరు తోకలేని కూనలను తెచ్చి చూపిరి. వాని తల్లికి బండిచక్రము క్రిందపడి తోక తెగినదట. అందుచేతనే కూనలు ఇట్లు పుట్టెనట! ఆగస్టు వైజుమన్ను అను ప్రాణిశాస్త్రజ్ఞుడు ఈ మాటను నమ్మలేదు. ఆయన ఎలుకలను పెంచి, తరతరమునను తోకలు కోయించి, వాని సంతానమును లెక్కించెను. ఐదుతరములలో 901 పిల్లలు పుట్టినవి. ఒక్కదానికైనను తోక లోపింపలేదు. చెవులు కుట్టించుకొన్న తల్లికి చెవులకు చిల్లులతో బిడ్డ పుట్టుట మన యిండ్లలో ఎవ్వరు చూచిరి? వైజుమన్ను ప్రయోగము చేయకమునుపే మన ముసలమ్మలకు తెలిసినదే యది. అయినను శాస్త్రమునకు లెక్క కావలెను; ఆయన లెక్క చూపెను.

కుందేలు కథను కూడ చెప్పవలెను. ఈ పిల్లి పిల్లికిని కుందేలికిని పుట్టినదని ద్వీపవాసులలో ఒక నమ్మకముండెను. వెనుకకాళ్లు పొడవు, తోక లేదు, పరుగెత్తునపుడు గెంతినట్లుండును. ఇంతకంటె సాక్ష్య మేమికావలెనని వారి వాదము. 1845లో జోసెఫ్ ట్రెయిను అను గ్రంథకర్త ద్వీపచరిత్రము వ్రాయుచు ఈ మాటను కూడ తన పుస్తకమున చేర్చెను. పిల్లికిని కుందేలికిని సంతానము కలుగదు. ఈ సంగతి నేడు నిస్సంశయము. ఆ గెంతునడకను మాత్రము మఱువకుడు. దానియొద్దకు మరల వత్తును.

చార్లెసు డార్విను మహాశయుడు పెంపుడుజంతువుల మార్పులను గుఱించి 1868లో ప్రకటించిన గ్రంథమున ఈ పిల్లిని పేర్కొనెను. తోకయొక్కటియే కాక, కాళ్లపొడవునందును, తల పరిమాణమునందును, అలవాటులయందును ఇది భేదించుచున్నదని వ్రాసి, విల్సను అను వైద్యుడు చేసిన పరీక్షను ఉదాహరించెను. తోకలేని గండుపిల్లిని మామూలు పిల్లులతో కలుపగా పుట్టిన 23 కూనలలో 17 కూనలకు తోకలు లేవు. తల్లి తోకలేనిదై తండ్రి మామూలుదైనపుడు కూనలన్నిటికి తోకలు వచ్చినవి గాని అవి పొట్టివి, వంకరవి. నేటి శాస్త్రము ప్రకారము సగముసగము రావలెను. కొలది కూనల లెక్కలో అట్టి హెచ్చుతగ్గులు సహజము. తోకలేనితనము రక్తములో వచ్చునదియే గాని దెబ్బవలన కలుగునది కాదని ఈ పరీక్ష రుజువుచేసినది.

అదే గ్రంథమున డార్విను మలయద్వీపములందు, సయామునందు, బర్మాయందు పిల్లులకు తోక సగమే యుండునని కూడ వ్రాసెను. మన ఉత్తరాంధ్ర తీరమునుండి రంగూనునకు కూలికై పోయి, 1942లో యుద్ధమువలన కాలినడకను తిరిగివచ్చిన కుటుంబములు చాల గలవు. ఆ యింటి పెద్దలు బ్రతికియున్న కాలమున రంగూను పిల్లుల తోకలనుగుఱించి అడిగియుండవలసినది! ఆ ప్రాచ్యదేశపు పొట్టితోకకును మాన్ ద్వీపపు తోకలేమికిని చుట్టఱికము లేదు. జపాను దేశపు పొట్టితోక పిల్లికి కారణమైన మార్పు వేఱొకచోట నున్నదని ఈ మధ్య తేలినది. దానివలన ఆ పిల్లికి వెన్నుబాధ లేదు. మాంక్సు పిల్లి అదృష్టము అట్టిది కాదు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వచ్చితిమి. కొంచెము శ్రద్ధగా వినుడు. ప్రతి ప్రాణికిని ఒక్కొక్క లక్షణమునకు తల్లివలన ఒక బీజాంశము, తండ్రివలన ఒక బీజాంశము సంక్రమించును. బ్రనో నగరమున మెండెలు అను సన్యాసి బఠానీమొక్కలను పెంచి ఈ నియమమును కనిపెట్టి 1866లో ప్రకటించెను. లోకము దానిని 1900వఱకు పట్టించుకొనలేదు. బీజాంశమునకు నేడు జీను అని వాడుక. మాంక్సు పిల్లిలో తోకను పోగొట్టు జీను బలమైనది. జంటలో ఒకటి యున్నచాలును, తోక పోవును లేదా పొట్టియగును. మఱి రెండును అవియే అయినచో? ఆ కూన పుట్టదు. తల్లికడుపులోనే, రూపమేర్పడునాటికే నశించును.

తోకలేని జంటకు కలుగు సంతానమును నాలుగు పాళ్లుగా భావింపుడు. ఒక పాలు రెండు చెడుజీనులతో గర్భముననే చచ్చును. రెండు పాళ్లు ఒక్కొక్క జీనుతో తోకలేనివిగానో పొట్టితోకవిగానో పుట్టును. మిగిలిన పాలు నిండుతోకతో పుట్టును. పుట్టకమునుపే చచ్చినది ఎవ్వరికంటను పడదు. ఈ జాతి ఈతలలో కూనలు తక్కువని మాత్రమే పెంచువారికి తోచును. దీనినిబట్టి మఱొకటి తేలుచున్నది. భూమిమీద నడచు ప్రతి తోకలేని మాంక్సు పిల్లియు తనలో తోకగల పిల్లిని దాచుకొనియే యున్నది. ఎన్నితరములు ఏఱికూర్చినను నికరముగా తోకలేనివే పుట్టు వంశమును ఎవ్వరును సాధింపలేరు. ప్రకృతి అచ్చట గీతగీసినది.

2013లో శాస్త్రజ్ఞులు ఆ జీనును పట్టుకొనిరి. దాని పేరు బ్రాకియురీ. గ్రీకుభాషలో పొట్టితోక యని అర్థము. వాక్యములో ఒక్క వర్ణము జాఱినచో తరువాతి పదవిభాగమంతయు తప్పి అర్థము చెడునట్లు, ఆ జీనులో ఒక్క అక్షరము లోపించుటవలన తోక పోవుచున్నది. అట్టి లోపములు ఒక్కటికాక వేఱువేఱు కనబడినవి. ఈ జీను పని తోక నిర్మించుట మాత్రమే కాదు. పిండదశలో వెన్నెముక యంతయు సరిగా దిగివచ్చుటకు అది తోడ్పడవలెను. ఆ పనిలో లోపము తోకకడ ఆగినచో అందమైన పిల్లి యగును. ఆగక పైకి ప్రాకినచో వెన్నుపూసలు పొట్టియగును, కొన్ని అతుకుకొనును, కొన్ని తెఱచుకొనియే యుండును, వెన్నుపాము దెబ్బతినును. అట్టి కూనకు మూత్రపురీషములపై అదుపుండదు, మలబద్ధముచే బాధపడును, వెనుకకాళ్లకు పట్టు చాలదు. కుందేలువలె రెండుకాళ్లు కలిపి గెంతుట అందుకొక గుర్తు. పూర్వము చూపరులు చప్పట్లుకొట్టిన ఆ వింతనడక చాలతావుల వెన్నునొప్పికి గుర్తని నేటి పశువైద్యులు చెప్పుచున్నారు.

ఈ జాతిలో తోకపొడవునుబట్టి పేరులున్నవి. తోకయెముక బొత్తిగా లేనిది రంపీ. తడిమినచో చేతికి తగులు చిన్నమొన గలది రైజరు. మొండితోక గలది స్టంపీ. ఇంచుమించు నిండుతోక గలది లాంగీ. ఒకే తల్లికి ఒకే ఈతలో ఈ నాలుగు విధములును పుట్టవచ్చును. మాన్ ద్వీపపు రైతు ఈ భేదములను విశేషముగా పాటించియుండడు. ఆతనికి కావలసినది గాదెక్రింది ఎలుకను పట్టు పిల్లి. స్టంపీయైన నేమి, లాంగీయైన నేమి!

పాటించినవారు నగరములవారు. 1871 జూలై 13న లండనులోని క్రిస్టలు పాలెసు భవనమున హారిసను వెయిరు అను చిత్రకారుడు పెద్దయెత్తున పిల్లుల ప్రదర్శనము జరిపించెను. మనవైపు తిరునాళ్లలో ఎడ్లకు పందెములు పెట్టునట్లు అచట పిల్లులకు బహుమానములు పెట్టసాగిరి. మాంక్సు పిల్లి వెంటనే ప్రసిద్ధికెక్కెను. 1901లో ఇంగ్లండున ఆ జాతికి ప్రత్యేకసంఘ మేర్పడెను. బహుమానము దేనికి? మొదలంట తోకలేని రంపీకి. పొట్టితోకదానికి గౌరవము తక్కువ. తోకగల తోబుట్టువును అడిగిన వారికి ఊరక ఇచ్చివేయుదురు. ద్వీపమునకు వచ్చు యాత్రికులు తోకలేని కూనను కొనగోరగా, మామూలు కూనకు తోకకోసి అంటగట్టిన మోసగాండ్రును లేకపోలేదు.

ఇందలి తప్పు ఎచ్చట నున్నదో మీకు తెలిసియే యుండును. ఒంగోలు గిత్తను ఎన్నుకొనువాడు మూపు చూచును, డెక్క చూచును, నడక చూచును. పనికి నిలుచునా యని చూచును. ప్రదర్శనమున న్యాయాధిపతి పిల్లికి లేనిదానిని చూచి మార్కులు వేసెను. వెన్నెముక ఎంత ముందుగా ఆగిపోయిన అంత మెప్పు! రంపీని రంపీతో కలిపినకొలది గర్భములో చచ్చునవియు, వెన్నుచెడి పుట్టునవియు పెరిగినవి. పిల్లికి చెలగాటము ఎలుకకు ప్రాణసంకటము అను సామెత ఇచట తలక్రిందై, మనుష్యునికి చెలగాటము పిల్లికి ప్రాణసంకట మైనది.

పొడుగువెండ్రుకల శాఖ చరిత్ర మింకను క్రొత్తది. తోకలేమి బలమైన జీనువలన కలుగునని చెప్పితిని. పొడుగువెండ్రుక దీనికి విపరీతము. దాని జీను మెత్తనిది. తల్లియు తండ్రియు ఇచ్చినపుడుగాని బయటపడదు. పొట్టివెండ్రుకల దంపతులు తమలో దానిని దాచుకొని తరములు గడపవచ్చును. అట్టి యిద్దఱు కలిసిననాడు నాలుగు కూనలలో ఒకటి బొచ్చుబంతియై పుట్టును. ఇట్టివి మాంక్సు ఈతలలో అప్పుడప్పుడు పుట్టుచునేయుండెడివి. ప్రదర్శనపు నియమమునకు సరిపడవు గనుక వానిని తీసివేయుచుండిరి. 1960 తరువాత కెనడాలో పెంపకందారులు కొందఱు ఈ కూనల అందమును చూచి వీనినే ప్రత్యేకముగా పెంచసాగిరి. 1976లో కెనడా పిల్లుల సంఘమువారు వీనిని వేఱుజాతిగా అంగీకరించిరి. 1979లో అంతర్జాతీయసంఘ మొకటి పోటీలకు అర్హత నిచ్చినది. అమెరికాలోని పెద్దసంఘము 1989లో సిమ్రిక్కు అను పేరుతో స్వీకరించి, 1994లో మనసు మార్చుకొని, ఇది వేఱుజాతి కాదు, పొడుగువెండ్రుకల మాంక్సే యని తీర్మానించెను. ఒకే పిల్లి ఒక సభలో ఒక కులము, మఱొక సభలో మఱొక కులము!

సిమ్రిక్కు అను పేరు సంగతి విన్నచో మీకు నవ్వువచ్చును. వేల్సు దేశస్థులు తమ దేశమును కమ్రీ యందురు. దానినుండి వచ్చిన విశేషణము సిమ్రిక్కు, అనగా వేల్సు దేశపుదని అర్థము. ఈ పిల్లి వేల్సునందు పుట్టలేదు. మాన్ ద్వీపము వేల్సు కాదు. ఉభయులును కెల్టు జాతి భాషలవారగుట తప్ప సంబంధము లేదు. పేరుపెట్టినవారు అట్లాంటికు సముద్రమునకు ఆవలనున్నవారు. ధ్వని బాగున్నదని పెట్టియుందురు. ఆలోచించినచో ద్వీపవాసులు వాడు స్టబిన్ అను మోటుమాటయే నాకు నచ్చుచున్నది.

స్వభావమున ఈ పిల్లి సాధువు. బరువు సాధారణముగా మూడున్నర మొదలు ఐదున్నర కిలోలు. శరీరము నిండుటకు నాలుగైదేండ్లు పట్టుననియు చెప్పుదురు. వెనుకకాళ్ల బలముచే ఎత్తైన బీరువాలమీదికి సునాయాసముగా దూకును. పెంచినవారందఱు దీనిని కుక్కతో పోల్చుదురు: యజమానుని వెంట గదినుండి గదికి తిరుగును, విసరిన వస్తువును నోటకఱచి తెచ్చును, క్రొత్త చప్పుడు విన్నచో గుఱ్ఱుమనును. మ్యావుమని పెద్దగా అఱువదు. గొంతులోనే దొరలించు మెత్తని ధ్వని చేయును, తల్లి కూనలను పిలుచునట్లు. ఇతరజంతువులతోను పిల్లలతోను కలిసి మెలగును. పనిపిల్లుల సంతతి యగుటచేత వేట మఱువలేదు.

పోషణలో ముఖ్యము రెండు: వెండ్రుకలు, వెన్ను. వారమునకు రెండుమాఱులైనను దువ్వవలెను. జుట్టు రాలు ఋతువులో ఇంకను ఎక్కువ. దువ్వనిచో చంకలందును తొడలందును ముడిపడును; నాకి మ్రింగిన వెండ్రుకలు కడుపులో ఉండకట్టును. తొడబొచ్చునకు మలినము అంటియుండునేమో నిత్యము చూడవలెను. ఎత్తునపుడు ఒకచేయి ఱొమ్ముక్రిందను మఱొకచేయి వెనుకభాగము క్రిందను ఉంచవలెను, తోకమొదట ఒత్తిపట్టరాదు. స్టంపీలకు వయసు మీఱినపుడు ఆ మొండిలో కీళ్లనొప్పి వచ్చుట కలదు. మలమూత్రములు సుకరముగా జరుగుచున్నవో లేవో దినదినమును గమనింపవలెను. ఆహారమున పిల్లి మాంసాశి యనుట మఱువరాదు. పెరుగన్నముతో అది చిరకాలము ఆరోగ్యముగా నుండజాలదు. పాలు త్రాగు పిల్లిని సామెతకెక్కించితిమి గాని, పెద్దపిల్లులలో చాలవానికి పాలు సరిగా అఱగవు. ఉల్లి, వెల్లుల్లి దానికి విషము. కూనను తెచ్చుకొనువారు తొందరపడరాదు. వెన్నుదోషము సాధారణముగా మొదటి నాలుగైదు మాసములలో బయటపడును గనుక, నాలుగుమాసములు నిండకముందు కూనను ఇయ్యని పెంపకందారుని మాటయే నమ్మదగినది. కూన నడచుట చూడుడు. ఒక కాలు వెనుక నొకకాలు వేయుచున్నదా, గెంతుచున్నదా?

మాన్ ద్వీపమువారు 1970లో తమ క్రౌను నాణెముమీద ఈ పిల్లిని ముద్రించిరి. 20వ శతాబ్దిలో ద్వీపప్రభుత్వమువారే కొంతకాలము పిల్లులశాల నడపి ఈ జాతిని పోషించిరి. ద్వీపమునకు అది గర్వకారణము. ఆ గర్వమును తప్పనజాలము, ఆ పిల్లి అచటి ఓడరేవులలోను గాదెలలోను తనంతట తాను నిలిచినది. 1999లో జర్మనీలో జంతుసంరక్షణ శాసనమును వివరించుచు నిపుణులు సమర్పించిన నివేదిక మాత్రము, బాధకలిగించు పెంపకములలో ఈ జాతిని చేర్చి, ఇట్టి పిల్లులను పుట్టింపరాదని సూచించినది. పెంపకందారులు ఒప్పుకొనలేదు. వారిలో వివేకవంతులు వేఱొక మార్గము పట్టిరి. రంపీని రంపీతో కలుపరు. ఒకరు తోకలేనిదైనచో రెండవది తోకగలదిగా చూతురు. అప్పుడు గర్భములో రెండు చెడుజీనులు కూడుట యుండదు, ఆ నాలుగవపాలు చావదు. వెన్నుదోషము పూర్తిగా తొలగదు; ఒక్క జీనుతోనే అది రావచ్చును. కూనలలో సగము తోకలతో పుట్టును. పూర్వము ఊరకిచ్చివేసిన ఆ తోకగల ఆడుకూననే ఇప్పుడు వారు ఇంట నిలుపుకొని, దువ్వి, పెంచి, తరువాతి ఈతకు తల్లిని చేయుచున్నారు.